ఎంజైమ్ సరే, పొర మాటేమిటి? కాలేయ మైటోకాండ్రియా తయారీలో ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒక కొత్త రసాయనం కాలేయ కణాల మీద ఎలా పనిచేస్తుందో తేల్చడానికి ఒక పరిశోధక జట్టు ఎలుక కాలేయం నుంచి మైటోకాండ్రియాను వేరుచేసి, అవి ఆక్సిజన్ వాడుకునే వేగాన్ని కొలుస్తోంది. జట్టు ఎవరిదో, రసాయనం ఏమిటో ఈ చర్చకు అక్కర్లేదు కాబట్టి తీసేశాం. కొలతలను దగ్గరి అంకెకు సవరించాం.

కాలేయాన్ని ఎంచుకోవడంలో వింతేమీ లేదు. ఒక్కో కాలేయ కణంలో వెయ్యి నుంచి రెండు వేల దాకా మైటోకాండ్రియా ఉంటాయి. కణం ఘనపరిమాణంలో దాదాపు ఐదో వంతు వాటిదే. కణజాలం మెత్తన, సులువుగా చితుకుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది: నిజకేంద్రక కణాన్ని చిదిమామంటే, అప్పటిదాకా పొరల మాటున విడివిడిగా ఉన్నవన్నీ ఒకే గిన్నెలో కలిసిపోతాయి. లైసోసోమ్‌ల ఎంజైమ్‌లు, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దాచిపెట్టుకున్న కాల్షియం, కొవ్వు బిందువులు, అన్నీ మైటోకాండ్రియాకు తగులుతాయి.

వాటిని విడదీసే పద్ధతి పాతదే. చల్లని బఫర్‌లో (పీహెచ్‌ను నిలిపే ద్రావణంలో) హోమోజెనేట్ చేసి, అంటే చిదిమి కలిపి, అంచెలంచెలుగా వేగం పెంచుతూ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం. కేంద్రకాలు, పగలని కణాలు 600 జీ (భూమ్యాకర్షణకు 600 రెట్లు) దగ్గర 10 నిమిషాల్లో అడుగుకు చేరతాయి. మైటోకాండ్రియాకు 7,000 నుంచి 8,000 జీ చాలు. లైసోసోమ్‌లు, పెరాక్సిసోమ్‌లు ఎక్కువగా 10,000 నుంచి 20,000 జీ మధ్య దిగుతాయి. ముక్కలై గుండ్రంగా మూసుకుపోయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, అంటే మైక్రోసోమ్‌లు, దిగాలంటే 1,00,000 జీ దగ్గర గంటసేపు తిప్పాలి. రాసుకుంటే ఇంత శుభ్రంగా ఉంటుంది గానీ, ట్యూబులో ఇవి గీత గీసినట్టు విడిపోవు. ప్రతి అంచెలోనూ పక్క అంచె సరుకు కొంత వస్తుంది.

జట్టు వాడిన బఫర్: 250 మిల్లీమోలార్ సుక్రోజ్, 10 మిల్లీమోలార్ హెపెస్, 1 మిల్లీమోలార్ ఈజీటీఏ, పీహెచ్ 7.4. సుక్రోజ్ ద్రవాభిసరణను సరితూచి మైటోకాండ్రియా ఉబ్బకుండా ఆపుతుంది. ఈజీటీఏ పని కాల్షియాన్ని పట్టి ఉంచడం. వాళ్ల పాత పద్ధతి కాగితంలో బీఎస్‌ఏ (పశువుల రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) కూడా ఉంది. ప్రోటీన్ లెక్క తప్పుగా పెరుగుతోందని ఎవరో దాన్ని కొట్టేశారు.

వచ్చిన సమస్య

క్లార్క్ ఎలక్ట్రోడ్ (ద్రవంలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరం) గదిలో, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇంధనంగా గ్లుటమేట్, మాలేట్ ఇచ్చి చేసిన కొలతలు ఇవి. ఏడీపీ (కణం శక్తికి వాడుకునే ఏటీపీకి ముడిసరుకు) వేసినప్పుడు వేగం, అంటే స్టేట్ 3, ఒక మిల్లీగ్రాము ప్రోటీన్‌కు నిమిషానికి 38 నానోమోల్ ఆక్సిజన్. ఏడీపీ అయిపోయాక, అంటే స్టేట్ 4లో, 16. ఈ పేర్లు 1955లో చాన్స్, విలియమ్స్ పెట్టినవి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే శ్వాస నియంత్రణ నిష్పత్తి, వాడుకలో ఆర్‌సీఆర్, 2.4. మంచి కాలేయ తయారీలో ఈ ఇంధనాలతో 5కు పైన రావాలి. ఇదంతా ఏ మందూ ఇవ్వని కంట్రోల్ ఎలుకల సంగతి. రసాయనం ఇచ్చిన ఎలుకల్లో 1.9 వచ్చింది.

జట్టు తీసుకున్న నిర్ణయం: కాంప్లెక్స్ 1 (లోపలి పొరలో ఆక్సిజన్ దాకా ఎలక్ట్రాన్లను చేరవేసే గొలుసులో మొదటి ఎంజైమ్) దెబ్బతింది, రసాయనం దాన్ని ఇంకా దెబ్బతీస్తోంది. దాన్ని రుజువు చేద్దామని గడ్డకట్టించి కరిగించిన నమూనాల్లో కాంప్లెక్స్ 1 ఎంజైమ్ చురుకుదనాన్ని కొలిచారు. రెండు గుంపుల్లోనూ మామూలుగానే వచ్చింది. ఎంజైమ్ బాగుండి పని బాగోలేకపోవడం ఏమిటన్నది వాళ్ల ప్రశ్న.

ఆ ప్రశ్నకు సగం జవాబు పరీక్ష చేసిన తీరులోనే ఉంది. గడ్డకట్టించి కరిగిస్తే లోపలి పొర చిరుగుతుంది. మామూలుగా జంతు కణాల మైటోకాండ్రియాలోకి బయటి ఎన్‌ఏడీహెచ్ (కాంప్లెక్స్ 1కు ఎలక్ట్రాన్లు ఇచ్చే అణువు) చొరబడలేదు. పొర చిరిగాకే అది కాంప్లెక్స్ 1ను చేరుతుంది. కాబట్టి ఆ పరీక్ష ఎంజైమ్‌ను మాత్రమే కొలుస్తుంది, పొర మూసి ఉంచిన మైటోకాండ్రియాను కాదు. ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ కొలిచేది దాన్ని. లోపలి పొర ప్రోటాన్లను బయటికి తోసి నిలబెడితేనే, అవి ఏటీపీ సింథేజ్ గుండా తిరిగి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. ఏడీపీ అయిపోతే ఆ దారి మూసుకుపోతుంది, శ్వాస నెమ్మదిస్తుంది. పొర కారుతుంటే ప్రోటాన్లు అడ్డదారిన వచ్చేస్తాయి, కాబట్టి ఏడీపీ లేకపోయినా శ్వాస నెమ్మదించదు.

ఇంకో సగం అంకెల్లోనే ఉంది. ఆర్‌సీఆర్ ఒక నిష్పత్తి. అది తగ్గిందంటే పైఅంకె తగ్గి ఉండాలి, లేదా కిందిది పెరిగి ఉండాలి. ఇక్కడ స్టేట్ 3 దాదాపు సరిగానే ఉంది. ఎఫ్‌సీసీపీ (ప్రోటాన్లను పొర దాటించే రసాయనం) వేసి పొరకు పూర్తిగా కన్నం పెడితే వేగం 41 దాకా వెళ్లింది, అంటే ఎలక్ట్రాన్ గొలుసుకు సత్తా ఉంది. పెరిగింది స్టేట్ 4. కాంప్లెక్స్ 1 దెబ్బతింటే పైఅంకె పడిపోవాలి. పైగా రోటినోన్‌తో కాంప్లెక్స్ 1ను మూసేసి సక్సినేట్ ఇచ్చినా అదే తీరు: స్టేట్ 3 62, స్టేట్ 4 31. కాంప్లెక్స్ 1 ప్రమేయమే లేని దారిలోనూ అదే రోగం కనిపిస్తుంటే, నేరం దానిమీద మోపడం కుదరదు.

ముందు ప్రయత్నించినవి

మమ్మల్ని సాయం అడిగే ముందే జట్టు కొన్ని మార్పులు చేసింది. ఎలక్ట్రోడ్ పొర మార్చారు, ఏడీపీ కొత్తగా కలిపారు. ఏమీ మారలేదు. ఆ రెండూ చెడితే స్టేట్ 3 ముందు దెబ్బతింటుంది కాబట్టి మారకపోవడం సహజమే.

హోమోజెనైజర్ దెబ్బలు తగ్గించారు. టెఫ్లాన్ కాడను గాజు గొట్టంలో ఆరుసార్లకు బదులు మూడుసార్లే ఆడించారు. మైటోకాండ్రియా రాబడి సగమైంది, ఆర్‌సీఆర్ అక్కడే ఉంది. మోటు దెబ్బలకు పొరలు చిరిగి ఉంటే ఇందులో కొంతైనా మెరుగు కనిపించాలి. కనిపించలేదంటే చిరుగుడు కథ కాదేమో అని అప్పుడే అనుమానించవచ్చు.

శుభ్రంగా ఉంటే బాగుపడుతుందని ఇంకో రెండు వాష్‌లు చేర్చారు. ఆర్‌సీఆర్ 2కు పడిపోయింది. చాలామంది చేసే పని ఇది. ప్రతి వాష్‌లో పెల్లెట్‌ను (ట్యూబు అడుగున చేరిన ముద్దను) నొక్కి, మళ్లీ కదిపి, ఇంకో ఇరవై నిమిషాలు గడపడమే అవుతుంది. సరుకు పాతబడుతుంటే వాష్ దాన్ని ఇంకా పాతబెడుతుంది.

కారణం వెతికిన క్రమం

నోటుబుక్కులో ఒక విషయం కంటపడింది. పొద్దున మొదటి కొలతలో ఆర్‌సీఆర్ 3.1, రెండు గంటల తర్వాత అదే నమూనా 1.9. కాలంతో పడిపోతోంది. దీనికి రెండు వివరణలు సరిపోతాయి. ఒకటి, నమూనా ఐసులోనే పాడవుతోంది. రెండోది, కొలిచే గది మురికవుతోంది: ఎఫ్‌సీసీపీ, రోటినోన్ లాంటివి నీటిలో కరగవు, గది గోడకూ బిరడాకూ అంటుకుని తర్వాతి కొలతలోకి జారుకుంటాయి. మిగిలిపోయిన ఎఫ్‌సీసీపీ రవ్వంత చాలు, స్టేట్ 4 పెరగడానికి. రోజంతా ఒకే గది, ఒకే నమూనా వాడుతుంటే ఈ రెంటినీ విడదీయలేం.

అందుకని మధ్యాహ్నం కొత్త కాలేయంతో రెండో తయారీ చేసి, అప్పటికే వాడేసిన అదే గదిలో కొలిచారు. 3.0 వచ్చింది. పొద్దుటి నమూనా అప్పటికి 1.8. గది నిర్దోషి అని తేలింది. అయినా ప్రతి ఇన్హిబిటర్ కొలత తర్వాత గదిని ఇథనాల్‌తో నాలుగైదుసార్లు, ఆపైన నీటితో కడగడం ఆపొద్దని చెప్పాం. డిటర్జెంట్ అవశేషం అన్న అనుమానం కూడా ఇక్కడే బలహీనపడింది. గాజుసామానులో సబ్బు మిగిలితే నష్టం మొదటి నిమిషం నుంచే ఉండాలి, గంటగంటకూ పెరగనక్కర్లేదు.

తర్వాతి ప్రశ్న: స్టేట్ 4 పెరుగుదల నిజంగా కారుడేనా? మైక్రోసోమ్‌లు, చిరిగిన మైటోకాండ్రియా కలిసి ఉంటే వాటి ఏటీపేజ్‌లు తయారైన ఏటీపీని మళ్లీ ఏడీపీగా విరగ్గొడతాయి. ఆ ఏడీపీ తిరిగి సింథేజ్‌కు అందుతుంది, శ్వాస ఆగదు. చూడ్డానికి ఇది కూడా కారుడులాగే ఉంటుంది. ఒలిగోమైసిన్ వేసి సింథేజ్‌ను మూస్తే ఈ చక్రం తెగుతుంది. వేశారు. 16 కాస్తా 14 అయింది, అంతే. అంటే కల్తీ కొంత ఉంది గానీ, ఎక్కువ భాగం నిజమైన ప్రోటాన్ కారుడే.

మరి పొర చిరిగిందా, లేక చిరగకుండానే కారుతోందా? రెండు పొరలకూ విడివిడిగా పరీక్ష ఉంది. బయటి పొరకు సైటోక్రోమ్ సీ (రెండు పొరల మధ్య ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్): బయటి నుంచి 10 మైక్రోమోలార్ కలిపితే, పొర బాగుంటే అది లోపలికి పోదు, స్టేట్ 3 పెరగదు. 6 శాతం పెరిగింది. 10 శాతం లోపు పట్టించుకోనక్కర్లేదు. లోపలి పొరకు సిట్రేట్ సింథేజ్: ఈ ఎంజైమ్ ఉండేది మ్యాట్రిక్స్‌లో, అంటే లోపలి పొర చుట్టిన భాగంలో. ట్రైటాన్ ఎక్స్-100 (పొరను కరిగించే డిటర్జెంట్) లేకుండా ఒకసారి, 0.1 శాతం వేసి ఒకసారి కొలవాలి. ట్రైటాన్ లేకుండా కనిపించింది మొత్తంలో 9 శాతమే. అంటే నూటికి తొంభై ఒకటి చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పొర లోపల ఎంజైమ్ దాగి ఉందంటే పొర బాగున్నట్టు అన్న ఈ తర్కం లైసోసోమ్‌ల చరిత్రలోంచే వచ్చింది. క్రిస్టియన్ డి డ్యూవ్ బృందం 1949లో కాలేయ నమూనాల్లో యాసిడ్ ఫాస్ఫటేజ్ ఉండాల్సినంత కనిపించకపోవడం, కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచాక పెరగడం గమనించింది. ఎంజైమ్ ఒక సంచిలో ఉందని, సంచి పాడయ్యాక బయటపడిందని ఊహించింది. 1955లో ఆ సంచికి లైసోసోమ్ అని పేరు పెట్టారు.

ఇప్పటికి చిత్రం ఇలా కుదిరింది: పొర చిరగలేదు, కానీ ప్రోటాన్లు కారుతున్నాయి, కాలంతో ఎక్కువవుతున్నాయి. దీనికి అచ్చంగా సరిపోయేది స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు. ప్రోటాన్‌ను మోసుకుని కొవ్వు ఆమ్లం పొరలో పల్టీ కొట్టి మ్యాట్రిక్స్ వైపు దాన్ని వదిలేస్తుంది. మిగిలిన అయాన్ ఏడీపీ-ఏటీపీ వాహక ప్రోటీన్ల సాయంతో తిరిగి బయటికొస్తుంది. మళ్లీ ప్రోటాన్, మళ్లీ పల్టీ. పొరకు ఒక్క చిరుగూ పడదు.

పరీక్షించడం తేలిక. బీఎస్‌ఏ కొవ్వు ఆమ్లాలను పట్టేస్తుంది, కాబట్టి కొలిచే గదిలోనే వేసి చూడొచ్చు. జట్టు ముందు వెస్టర్న్ బ్లాట్‌కు (ప్రోటీన్లను గుర్తించే పరీక్షకు) వాడే మామూలు బీఎస్‌ఏ వేసింది. 16 నుంచి 14. ఆలోచన తప్పన్నట్టే అనిపించింది. కానీ మామూలు బీఎస్‌ఏ సీసాలోనే కొవ్వు ఆమ్లాలు అంటుకుని వస్తుంది, కొత్తవాటిని పట్టడానికి దానికి ఖాళీ తక్కువ. కొవ్వు ఆమ్లాలు తీసేసిన రకం వేస్తే 16 నుంచి 9కి దిగింది. స్టేట్ 3 మారలేదు.

కొవ్వు ఆమ్లాలు ఎక్కడివి?

లైసోసోమ్‌ల మీదికి వేలెత్తడం సులభం. పెల్లెట్‌లో యాసిడ్ ఫాస్ఫటేజ్ కూడా ఎక్కువే ఉంది. అయితే లైసోసోమ్ ఎంజైమ్‌లు 4.5 నుంచి 5 పీహెచ్‌కు అలవాటుపడినవి. 7.4 బఫర్‌లో, ఐసులో, వాటిలో చాలావాటికి చురుకు తక్కువ. తటస్థ పీహెచ్‌లో పొర లిపిడ్లను కోసేవి కాల్షియంతో మేల్కొనే ఫాస్ఫోలిపేజ్ ఏ2 రకాలు. వాటిని ఆపడానికే కదా ఈజీటీఏ. అది బఫర్‌లో ఉంది. ఉందా?

100 మిల్లీమోలార్ ఈజీటీఏ స్టాక్ (పలుచన చేసి వాడే గాఢ ద్రావణం) ఎలా కలిపారో అడిగితే విషయం బయటపడింది. 100 మి.లీ.కి 3.80 గ్రాములు తూచి నీటిలో వేశారు, తెల్లగా తేలింది, పీహెచ్ సరిచూసి ఫిల్టర్ చేశారు. ఆమ్ల రూపంలో ఉన్న ఈజీటీఏ నీటిలో కరగదు. సోడియం లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్‌ను 8 దగ్గరికి తెస్తే అప్పుడు తేటపడుతుంది. ఆ తర్వాతే 7.4కు దించాలి. వీళ్లు కరగనిదాన్ని ఫిల్టర్ కాగితం మీద వదిలేశారు. ఎంత మిగిలిందో తేల్చడానికి పీహెచ్ మీటర్ చాలు: తటస్థ పీహెచ్ దగ్గర ఈజీటీఏ ఒక కాల్షియాన్ని పట్టినప్పుడు రెండు ప్రోటాన్లు వదులుతుంది. తెలిసిన గాఢతగల కాల్షియం క్లోరైడ్‌ను కొద్దికొద్దిగా వేస్తూ పోతే, పీహెచ్ పడిపోవడం ఆగినచోట లెక్క తేలుతుంది. స్టాక్‌లో ఉన్నది రాసినదాంట్లో మూడో వంతు.

సెంట్రిఫ్యూజ్ సంగతి ఇంకొకటి. పద్ధతి కాగితంలో వేగాలు ఆర్‌పీఎంలో రాసుకున్నారు: 2,300, ఆపైన 8,000. పాత రోటర్ వ్యాసార్ధం 10.8 సెం.మీ.; అప్పుడవి సుమారు 640, 7,700 జీ. కొత్త రోటర్‌ది 14 సెం.మీ. అవే ఆర్‌పీఎంలకు ఇప్పుడు 830, 10,000 జీ. సూత్రం తెలిసిందే: 1.118ను 1,00,000తో భాగించి, వ్యాసార్ధం సెంటీమీటర్లతో, ఆర్‌పీఎం వర్గంతో గుణించాలి. మొదటి తిప్పులో పెద్ద మైటోకాండ్రియా కొన్ని కేంద్రకాలతో పోతున్నాయి. రెండో తిప్పులో లైసోసోమ్‌లు, మైక్రోసోమ్‌లు ఎక్కువగా దిగి పెల్లెట్ మీద గట్టిగా అంటుకుంటున్నాయి. కొత్త రోటర్‌కు 2,020, 7,000 ఆర్‌పీఎం పెట్టాలి.

పనిచేసింది

ఈజీటీఏ కొత్తగా కలిపారు. కొవ్వు ఆమ్లాలు లేని బీఎస్‌ఏను 0.5 శాతం చొప్పున హోమోజెనైజ్ చేసే బఫర్‌లో, మొదటి వాష్‌లో వేశారు. ఆఖరి వాష్‌లో వేయలేదు. ప్రోటీన్ లెక్క పాడవుతుందన్న పాత ఫిర్యాదుకు అదే మందు. పూర్తిగా కొట్టేయడం కాదు. వేగాలు సరిచేశారు.

చేతిపనిలో మూడు మార్పులు జరిగాయి. మొదటి తిప్పు తర్వాత ట్యూబు పైఅంచున తెల్లటి కొవ్వు వలయం కడుతుంది. ద్రవం వంచేముందు దాన్ని టిష్యూతో తుడిచేయాలి, లేకపోతే పోస్తున్నప్పుడు కొవ్వంతా కలిసి వస్తుంది. రెండో తిప్పు తర్వాత గోధుమరంగు గట్టి పెల్లెట్ మీద లేత రంగులో, వదులుగా ఒక పొర ఉంటుంది. చిరిగిన మైటోకాండ్రియా, మైక్రోసోమ్‌లు, లైసోసోమ్‌లు అందులోనే ఎక్కువ. ఒక మి.లీ. బఫర్ వేసి ట్యూబును మెల్లగా తిప్పితే అది లేచి వస్తుంది, తీసేయాలి. గోధుమరంగు కొంత పోయినా పరవాలేదు. పెల్లెట్ అడుగున నడిమధ్య ఎర్రటి చుక్క ఉంటే అది రక్తకణాలు, దాన్ని కదపకూడదు. కలిపేటప్పుడు పిపెట్‌తో బఫర్ కొట్టకుండా, ముందు చల్లని గాజుకడ్డీతో పొడిగానే ముద్దలా చేసి, తర్వాత చుక్కచుక్కగా బఫర్ వేయాలి. ఎకాఎకి బఫర్ పోస్తే ఉండలు కడుతుంది. ఆ ఉండలు విడగొట్టే తంటాలోనే పొరలు పోతాయి.

గ్లుటమేట్, మాలేట్‌తో స్టేట్ 3 42కు, స్టేట్ 4 6.5కు వచ్చాయి. ఆర్‌సీఆర్ 6.5. సక్సినేట్‌తో 66, 15. రెండు గంటల తర్వాత కూడా గ్లుటమేట్, మాలేట్‌తో 5.8 నిలిచింది.

అన్నీ ఒకేసారి మార్చాక ఏది ఎంత పనిచేసిందో చెప్పలేం. అందుకని తీసేసిన ఆ లేత పొరను పారేయకుండా దాచి, మంచి మైటోకాండ్రియాకు ప్రోటీన్ లెక్కన ఐదో వంతు తిరిగి కలిపి, ఈజీటీఏ లేని సుక్రోజ్ బఫర్‌లో ఐసు మీద గంటసేపు ఉంచారు. ఆర్‌సీఆర్ 3.1కు పడింది. అదే మిశ్రమంలో సరైన 1 మిల్లీమోలార్ ఈజీటీఏ ఉంటే 5. ఈజీటీఏతోపాటు బీఎస్‌ఏ కూడా ఉంటే 6. ప్రధాన దోషం కాల్షియానిది, దానికి సరుకు అందించింది లేత పొర. బీఎస్‌ఏ జరిగిన నష్టాన్ని తుడుస్తుంది, కారణాన్ని కాదు. అందుకే బీఎస్‌ఏ ఒక్కటే చేర్చి ఊరుకుంటే అంకె బాగుపడి రోగం లోపలే ఉండిపోయేది.

ఈ కేసు నుంచి పని పద్ధతిలోకి వెళ్లినవి

ఆర్‌సీఆర్ ఒక్కదాన్నే నివేదికలో రాయడం ఆపేశారు. స్టేట్ 3, స్టేట్ 4, ఒలిగోమైసిన్ వేశాక వేగం, ఎఫ్‌సీసీపీ వేగం నాలుగూ పక్కపక్కన ఉంటాయి. వేగాలన్నీ జీలోనే రాస్తారు, పక్కన రోటర్ వ్యాసార్ధం. ప్రతి కొత్త బఫర్‌తో మొదటి తయారీని రెండు గంటల తర్వాత మళ్లీ కొలుస్తారు. ఈ ఒక్క కొలతే ముందునుంచీ ఉంటే మిగతా వెతుకులాట సగం తప్పేది.

గడ్డకట్టించిన నమూనాలతో చేసే ఎంజైమ్ పరీక్షలు పనికిరానివేం కావు. ఎంజైమ్ ఎంత ఉందో అవి చెబుతాయి. పొర గురించి ఏమీ చెప్పవు. రెండు రకాల పరీక్షలూ కలిపి చదివినప్పుడే అర్థం వస్తుంది, అది ఇక్కడే మళ్లీ అక్కరకొచ్చింది.

పాత ప్రయోగాల్లో కంట్రోల్ ఎలుకలను ముందు, రసాయనం ఇచ్చినవాటిని తర్వాత కొలిచేవారు. గంటగంటకూ పడిపోయే నమూనాలో వరుసే ఫలితమైపోతుంది. కొత్త తయారీతో, వరుస మార్చి మార్చి కొలిస్తే రెండు గుంపుల స్టేట్ 4లో తేడా లేకుండా పోయింది. అయితే గ్లుటమేట్, మాలేట్‌తో స్టేట్ 3 రసాయనం ఇచ్చిన గుంపులో 15 శాతం తక్కువగానే నిలిచింది. సక్సినేట్‌తో తేడా లేదు. ఈసారి పైఅంకె తగ్గింది, తగ్గింది కూడా ఒక్క దారిలోనే, కాబట్టి కాంప్లెక్స్ 1 వైపు చూడటానికి ఇప్పుడు నిజమైన కారణం ఉంది. కానీ కరిగించిన నమూనాల్లో ఆ ఎంజైమ్ మామూలుగానే వచ్చింది కదా. అంటే అడ్డంకి దానికంటే ముందే ఉండొచ్చు: గ్లుటమేట్‌ను, మాలేట్‌ను లోపలి పొర దాటించే వాహకాల్లో, లేదా మ్యాట్రిక్స్‌లోని డీహైడ్రోజినేజ్‌లలో. లేదా రసాయనం కాంప్లెక్స్ 1కు వదులుగా అంటుకుని, పరీక్షకు పలుచన చేసినప్పుడు విడిపోతూ ఉండొచ్చు. పైరువేట్, మాలేట్ ఇచ్చి కొలవడం తర్వాతి మెట్టు. వాటితోనూ స్టేట్ 3 తగ్గితే దృష్టి కాంప్లెక్స్ 1 మీదికి మళ్లుతుంది, తగ్గకపోతే గ్లుటమేట్ దారి మీదికి. దానితోపాటు మందు ఇవ్వని ఎలుకల మైటోకాండ్రియాకు రసాయనాన్ని నేరుగా, పెరిగే మోతాదుల్లో, గదిలోనే కలిపి చూస్తున్నారు.